28 మంది నావికులతో తొమ్మిదో తరగతి ఇంగ్లిష్
(హైస్కూల్ ఇంగ్లిష్ ఉపాధ్యాయుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. సాహసయాత్రలతో ఇంగ్లిష్ పాఠాలు అనగానే ఇదేదో వ్యక్తిత్వ వికాస ప్రసంగం అనుకుని వచ్చినవాళ్లు ఒకరిద్దరు ఉండొచ్చు. వాళ్లకు ముందే చెప్పేస్తున్నాను, ఇవాళ స్ఫూర్తి పాలు తక్కువ, క్రియాపదాల పాలు ఎక్కువ.

మన స్కూళ్లలో ఇలాంటి కథలు కొత్తేమీ కాదు. ప్రేయర్‌లో చెబుతాం, బాలల దినోత్సవం నాడు చెబుతాం. ఎవరెస్టు ఎక్కిన అమ్మాయి, కాలు పోయినా పరుగెత్తిన కుర్రాడు. అయిదు నిమిషాల కథ, చివర్లో ‘కాబట్టి మీరు కూడా పట్టుదలతో చదవాలి’. పిల్లలు చప్పట్లు కొడతారు. ఆ చప్పట్లతో కథ అయిపోతుంది. వాళ్లు ఎలా చేశారు, రోజుకు ఎంత దూరం, ఏం తిన్నారు, ఎక్కడ తప్పు జరిగింది, ఇవేవీ క్లాసులోకి రావు. ఇంగ్లిష్ నేర్పడానికి పనికొచ్చే సరుకంతా అక్కడే ఉంది. నీతిని పక్కన పెట్టి ఆ వివరాలను ఏడాది పొడవునా, వారానికి కొంచెం కొంచెంగా వాడుకోవడం ఎలా అన్నదే నేను చెప్పదలచుకున్నది.

ఈ యాత్రలే ఎందుకు? ఇవన్నీ జరిగిపోయిన పనులు, తేదీల వరుసలో జరిగినవి. అంటే భూతకాల క్రియలు కుప్పలుగా దొరుకుతాయి, కృత్రిమంగా వాక్యాలు అల్లక్కర్లేదు. ప్రతి పనికీ ఒక కారణం ఉంటుంది, కాబట్టి ‘బికాజ్’, ‘సో’, ‘దో’ వాటంతటవే వస్తాయి. అంకెలుంటాయి. అన్నిటికంటే ముఖ్యం, ఆ యాత్రల్లో ఉన్నవాళ్లు డైరీలు రాశారు. మన పరీక్షలో డిస్కోర్సుల పేరుతో అడిగే డైరీ, ఉత్తరం, సంభాషణ, న్యూస్ రిపోర్టు, జీవిత పరిచయం అన్నీ ఇందులో ఇమిడిపోతాయి. ‘మరి సిలబస్ ఎప్పుడు పూర్తి చెయ్యాలి’ అని స్టాఫ్ రూమ్‌లో ఎవరైనా అడిగితే చెప్పాల్సిన జవాబు ఇదే.

ముందు కాలం లెక్క చూద్దాం. జూన్ రెండో వారం నుంచి ఏప్రిల్ దాకా సెలవులూ పరీక్షలూ పోను దాదాపు 30 వారాలు చేతికొస్తాయి. వారానికి రెండు రోజులు, పీరియడ్‌లో 20 నిమిషాలు తీసుకోండి. 60 సార్లు, మొత్తం 20 గంటలు. మిగతా సమయమంతా పాఠ్యపుస్తకానిదే. ఈ 60లో మొదటి 14 కృత్రిమ కాలితో పరుగెత్తిన టెర్రీ ఫాక్స్‌కు, తర్వాతి 26 అంటార్కిటికా యాత్రికుడు షాకల్టన్ ఓడకు, 10 మన ఎవరెస్టు, ఈత కథలకు, చివరి 10 పిల్లలు సొంతంగా రాసే రిపోర్టుకు. పది కథలు తలా ఒక ముక్క చెప్పడం కంటే ఒకే కథలో మూడు నెలలు ఉండటం మేలు. ఎందుకంటే ఒకే కథలో అవే మాటలు మళ్లీ మళ్లీ వస్తాయి, మంచు, పడవ, తెడ్డు, గుడారం, ఆకలి. మాట ఒంటపట్టాలంటే అది వేర్వేరు వాక్యాల్లో చాలాసార్లు ఎదురుపడాలి. కథ మారిన ప్రతిసారీ మాటల సంచీ ఖాళీ చేసి మళ్లీ నింపుకోవాలి.

కావలసిన సామాను పెద్దగా లేదు. గోడకు ఒక ప్రపంచ పటం, రంగు దారం, గుండుసూదులు. పిల్లలకు తలా ఒక 100 పేజీల లాంగ్ నోట్‌బుక్. ఎడమ పేజీలో యాత్ర లాగ్: తేదీ, స్థలం, దూరం, వాతావరణం, ఏం జరిగింది. కుడి పేజీ వాళ్ల రాత కోసం. లాగ్‌లో పూర్తి వాక్యాలు అడగకండి, ముక్కలు చాలు. కుడి పేజీలో మాత్రం ముక్కలు ఒప్పుకోవద్దు. చదువులో వెనకబడ్డ పిల్లవాడు కూడా ఎడమ పేజీ నింపగలడు. ఆ ధైర్యంతోనే కుడి పేజీకి వస్తాడు.

అసలు కష్టం పాఠం తయారుచేయడంలో ఉంది. ఇంటర్నెట్‌లో దొరికిన వ్యాసం జిరాక్స్ తీసి ఇస్తే పని జరగదు. సాయం లేకుండా చదివి అర్థం చేసుకోవాలంటే వంద మాటల్లో సుమారు 98 ముందే తెలిసి ఉండాలని పఠనం మీద పరిశోధన చేసినవాళ్లు చెబుతారు. టీచర్ పక్కన ఉంటే 95 అయినా నెట్టుకురావచ్చు. అంటే వంద మాటల ముక్కలో కొత్తవి అయిదుకు మించకూడదు. కాబట్టి మీరే రాసుకోవాలి. ఒక్కో వాక్యం ఎనిమిది, పది మాటలు. పరీక్ష ఇలా చెయ్యండి: ముక్క రాశాక క్లాసులో నడిమి వరసలో కూర్చునే ఒకరికిచ్చి తెలియని మాటల కింద గీత గీయమనండి. అయిదుకు మించి గీతలు పడితే తిరగరాయాల్సిందే. ముందు వరస పిల్లలతో ఈ పరీక్ష చేస్తే మాత్రం మోసపోతాం.

ఇక టెర్రీ ఫాక్స్. కెనడా కుర్రాడు. 1977లో ఎముక క్యాన్సర్ వల్ల కుడికాలు మోకాలి పైదాకా తీసేశారు. క్యాన్సర్ పరిశోధనకు డబ్బు పోగుచేయాలని 1980 ఏప్రిల్ 12న అట్లాంటిక్ ఒడ్డున సెయింట్ జాన్స్ దగ్గర కృత్రిమ కాలిని సముద్రంలో తడిపి పడమటికి పరుగు మొదలుపెట్టాడు. సెప్టెంబర్ 1న థండర్ బే దగ్గర ఆగిపోయాడు, క్యాన్సర్ ఊపిరితిత్తులకు పాకింది. 143 రోజులు, 5,373 కిలోమీటర్లు. మరుసటి ఏడాది జూన్ 28న చనిపోయాడు.

దీన్ని ముందు ఎందుకు పెట్టానంటే ఇందులో మనిషి ఒక్కడే, పని ఒక్కటే. పరుగెత్తాడు, ఆగాడు, తిన్నాడు, పడుకున్నాడు, మళ్లీ పరుగెత్తాడు. మొదటి నెలకు ఇంతకు మించిన వాక్యాలు అక్కర్లేదు. ‘రోజుకో మారథాన్’ అని అంతటా రాస్తుంటారు కదా. మారథాన్ అంటే 42 కిలోమీటర్ల 195 మీటర్లు. పిల్లల చేత 5,373ను 143తో భాగించమనండి. 37.6 కిలోమీటర్లు వస్తుంది. ఇప్పుడు బోర్డు మీద ‘హీ రాన్ ఎ మారథాన్ ఎవ్రీ డే’ అని రాసి నిజమా కాదా అని అడగండి. అక్కడ ‘ఆల్మోస్ట్’, ‘అబౌట్’, ‘ఆన్ యావరేజ్’ అవసరమవుతాయి. అవసరం పడి నేర్చుకున్న మాట నిలుస్తుంది. లెక్కల మాస్టారు మీ మీద అలగకపోతే ఆయన్నీ పిలవొచ్చు.

ఈ 14 క్లాసుల్లో ఉచ్చారణ పని ఒకటే పెట్టుకోండి. భూతకాలంలో చివర వచ్చే ‘ఇ-డి’. మన పిల్లలు దాన్ని అక్షరాలా పలుకుతారు: వాకెడ్, స్టాపెడ్, హెల్పెడ్. రాతలో ‘ఇ’ కనిపిస్తోంది కాబట్టి అలా పలుకుతున్నారు, వాళ్ల తప్పు కాదు. చెప్పాల్సింది ఇంతే. గొంతు మీద రెండు వేళ్లు పెట్టుకుని క్రియ చివరి ధ్వని పలకమనండి. ‘వాక్’, ‘స్టాప్’, ‘పుష్’ చివర గొంతు అదరదు, అప్పుడు అది ‘ట్’ అవుతుంది: వాక్ట్, స్టాప్ట్, పుష్ట్. ‘పుల్’, ‘సెయిల్’, ‘డ్రాగ్’ చివర అదురుతుంది, అప్పుడు ‘డ్’: పుల్డ్, సెయిల్డ్. చివరే ‘ట్’ గానీ ‘డ్’ గానీ ఉంటే, ‘వెయిట్’, ‘ల్యాండ్’, ‘మెల్ట్’, అప్పుడు మాత్రమే ‘ఇడ్’. క్లాసును మూడు గుంపులు చేసి, మీరు క్రియ చెప్పగానే ఆ గుంపు లేచి నిలబడే ఆట పెట్టండి. రెండు వారాలకు పోయే తప్పు కాదిది. పాఠం చదివేటప్పుడు సరిగ్గా పలికి, మాట్లాడేటప్పుడు మళ్లీ ‘వాకెడ్’ అంటారు. అననివ్వండి. చదివేటప్పుడు మాత్రమే సరిచేయండి. మాట్లాడేటప్పుడు ప్రతి తప్పుకూ అడ్డుపడితే పిల్లలు నోరు విప్పడం మానేస్తారు.

దసరా సెలవులకు ముందే షాకల్టన్ కథ మొదలవ్వాలి. ఈ ఏడాది అంతటికీ వెన్నెముక ఇదే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

అంటార్కిటికా ఖండాన్ని ఈ చివర నుంచి ఆ చివరకు కాలినడకన, కుక్కల బండ్లతో దాటాలని ఎర్నెస్ట్ షాకల్టన్ బయల్దేరాడు. ఓడ పేరు ఎండ్యూరెన్స్. 1914 డిసెంబర్ 5న సౌత్ జార్జియా దీవి వదిలింది. 1915 జనవరి 18న వెడెల్ సముద్రంలో మంచు చుట్టూ బిగుసుకుని ఓడను పట్టేసింది. ఖండం మీద కాలు పెట్టడమే జరగలేదు. మంచు నొక్కుడుకు ఓడ నలిగిపోతుంటే అక్టోబర్ 27న దిగిపోయారు, నవంబర్ 21న ఓడ మునిగింది. మంచు పలకల మీద గుడారాల్లో నెలల తరబడి ఉండి, 1916 ఏప్రిల్ 9న మూడు చిన్న పడవలు నీళ్లలోకి దింపారు. వారం తిరక్కుండా ఎలిఫెంట్ దీవి చేరారు. మనుషులెవరూ లేని దీవి అది. ఏప్రిల్ 24న ఆరుగురు జేమ్స్ కెయిర్డ్ అనే పడవలో సాయం కోసం సౌత్ జార్జియాకు బయల్దేరారు. పడవ పొడవు 22 అడుగుల పైచిలుకు, దూరం 800 నాటికల్ మైళ్లు. మే 10న చేరారు. చేరింది దీవికి మనుషులు లేని అవతలి వైపు. షాకల్టన్, ఓడ కెప్టెన్ వర్స్‌లీ, ఓడ అధికారి క్రీన్ ముగ్గురూ పడవ మరమేకులను బూట్లకు బిగించుకుని మంచుకొండలు దాటి, 36 గంటలు దాదాపు ఆగకుండా నడిచి తిమింగలాల వేట కేంద్రానికి చేరుకున్నారు. ఎలిఫెంట్ దీవిలో మిగిలినవాళ్లను తీసుకురావడానికి మూడుసార్లు ప్రయత్నించి విఫలమై, నాలుగోసారి చిలీ దేశపు ఓడ యెల్చోతో ఆగస్టు 30న చేరారు. 22 మందీ బతికే ఉన్నారు.

ఈ కథలో నాకు బాగా నచ్చే అంకె 28. ఓడలో ఉన్నది 28 మంది, వాళ్లందరి పేర్లూ పనులూ రికార్డులో ఉన్నాయి. మొదటిరోజే చీటీలు తీయించి ఒక్కో విద్యార్థికి ఒక్కో మనిషిని అప్పగించండి. ఒకరు వడ్రంగి మెక్‌నిష్, ఒకరు వంటవాడు గ్రీన్, ఒకరు డాక్టర్ మాక్లిన్, ఒకరు ఫొటోలు తీసే హర్లీ, ఒకరు బాంజో వాయించే వాతావరణ శాస్త్రవేత్త హసీ, ఒకరు అనుమతి లేకుండా ఓడలో దాక్కుని వచ్చిన కుర్రాడు బ్లాక్‌బరో. ఈ కుర్రాడి పాత్రకు పోటీ ఎక్కువ, అందుకే చీటీలు. క్లాసులో 56 మంది ఉంటే ఇద్దరికి ఒక మనిషి. అటూ ఇటూ అయితే నలుగురైదుగురికి జంటలు కట్టండి. ఇక ఎవరి డైరీ వాళ్లదే. వంటవాడి డైరీలో సీల్ మాంసం ఉంటుంది, వడ్రంగి డైరీలో చెక్క విరిగిన చప్పుడు ఉంటుంది. కాపీ కొట్టడం అనే రోగానికి ఇంతకు మించిన మందు లేదు. పక్కవాడి డైరీ ఎత్తి రాస్తే మొదటి వాక్యంలోనే దొరికిపోతారు.

ఒక ముక్కను దగ్గరగా చూద్దాం, ఓడ దిగిపోయిన రోజు. డిక్టోగ్లాస్ అనే పద్ధతి వాడండి. ఆరు వాక్యాలు, 60 మాటలు మించని ముక్క రాసుకోండి. ఇలాగ: ‘ది ఐస్ పుష్ట్ హార్డర్. ది వుడ్ క్రాక్ట్. వాటర్ కేమ్ ఇన్, అండ్ ది మెన్ పంప్ట్ ఆల్ నైట్...’ మొదటిసారి మీరు మామూలు వేగంతో చదువుతారు, పిల్లలు పెన్నులు కింద పెట్టి వింటారు. రెండోసారి చదివేటప్పుడు మాటలు మాత్రమే రాసుకుంటారు, వాక్యాలు కాదు. డిక్టేషన్ అలవాటు వల్ల కొందరు ప్రతి మాటా రాయబోతారు. మీరు వేగం తగ్గించకపోతే అదే మానుకుంటారు. తర్వాత నలుగురేసి కూర్చుని ఆ మాటలతో ముక్కను తిరిగి కట్టాలి, 10 నిమిషాలు. చివరి అయిదు నిమిషాలు ఒక గుంపు రాసింది బోర్డు మీదికెక్కించి అసలు దానితో పోల్చడం. మీ వాక్యాలే అచ్చుగుద్దినట్టు రావాలని అడగకండి. అర్థం కుదిరి, వ్యాకరణం సరిగా ఉంటే ఆ వాక్యం ఒప్పే. ఎక్కడ తేడా వచ్చిందో అక్కడ వ్యాకరణం చెప్పండి, అంతకుముందు వద్దు.

ఈ కథలో రెండు తప్పులు తప్పకుండా వస్తాయి. ఒకటి ‘సిన్స్’, ‘ఫర్’. తెలుగులో ‘జనవరి నుంచి’ అంటాం, ‘తొమ్మిది నెలల నుంచి’ అనీ అంటాం. రెండింటికీ ‘నుంచి’ సరిపోతుంది. అందుకే ‘సిన్స్ నైన్ మంత్స్’ అని రాస్తారు. సూత్రం చెప్పే ముందు పటం దగ్గర లాగ్ చూపించండి: జనవరి 18 ఒక గుర్తు, అది ‘సిన్స్’. అక్కడి నుంచి అక్టోబర్ 27 దాకా గీసిన గీత పొడవు ‘ఫర్’. గుర్తుకు ఒకటి, పొడవుకు ఒకటి. రెండోది ‘హాడ్’. ఎనిమిదిలోనే పాస్ట్ పర్ఫెక్ట్ చెప్పేశాం కాబట్టి ప్రతి వాక్యంలోనూ ‘హాడ్’ తగిలిస్తారు, పెద్ద ఇంగ్లిష్ అని ఒక భ్రమ. జరిగిన వరసలోనే చెబుతున్నంతసేపూ దాని అవసరం లేదు. కథను ఏప్రిల్ 9 దగ్గర పడవలతో మొదలుపెట్టి వెనక్కి తిరిగి ‘అప్పటికే ఓడ మునిగిపోయింది’ అనాల్సి వచ్చినప్పుడే ‘హాడ్ సంక్’ కావాలి. ఒకే రోజు డైరీని రెండు రకాలుగా రాయించండి, ఒకటి వరసగా, ఒకటి చివరి నుంచి. రెండోదానిలోనే ‘హాడ్’ వెతకమనండి.

ఏప్రిల్ 24 వచ్చాక క్లాసును విడదీయాలి. ఆరుగురు పడవలో: షాకల్టన్, వర్స్‌లీ, క్రీన్, మెక్‌నిష్, మెకార్తీ, విన్సెంట్. 22 మంది దీవి మీద. రెండు జట్లకూ వేర్వేరు పాఠాలివ్వండి, ఒకరిది ఒకరికి చూపించొద్దు. పడవవాళ్ల పాఠంలో ముగ్గురు పనిలో, ముగ్గురు నిద్రలో, నాలుగేసి గంటల వంతులు, పడవ మీద పేరుకున్న మంచును కొట్టి దులపడం, 16 రోజుల్లో వర్స్‌లీకి సూర్యుడు కనిపించి పడవ ఎక్కడుందో లెక్క కట్టగలిగింది నాలుగుసార్లే కావడం. దీవివాళ్ల పాఠంలో బోర్లించిన రెండు పడవల కింద కాపురం, బ్లాక్‌బరో ఎడమ పాదం వేళ్లకు మంచు పుండు పట్టి డాక్టర్లు కోసి తీసేయడం, షాకల్టన్ ఇవాళే రావచ్చు, సామాను సర్దుకోండని దీవి మీద నాయకుడైన ఫ్రాంక్ వైల్డ్ రోజూ పొద్దున చెప్పడం. అలా 128 రోజులు.

తర్వాత ఆగస్టు 30 నాటి క్లాస్. 22 మందిని ఆరు గుంపులు చేయండి, నాలుగు గుంపుల్లో నలుగురు, రెండింట్లో ముగ్గురు. ఒక్కో గుంపులోకి ఒక్కో పడవవాడు వస్తాడు. దీవివాళ్లు అడగాలి, అతను చెప్పాలి, తర్వాత అతను అడగాలి. నిజంగా తెలియని సంగతి అడుగుతున్నారు కాబట్టి ప్రశ్నల్లో ప్రాణం ఉంటుంది. ప్రశ్నలు మాత్రం ‘హౌ యు స్లెప్ట్?’, ‘వై యు కేమ్ లేట్?’ అన్న తీరులో వస్తాయి. ‘డిడ్’ ఎగిరిపోతుంది. ఆ క్లాసులో మీరు నోరు మెదపకుండా తిరుగుతూ ఇలాంటివి ఓ పది మీ కాగితం మీద రాసుకోండి. మరుసటి క్లాసులో పేర్లు చెప్పకుండా బోర్డు మీద పెట్టి, దిద్దే పని వాళ్లకే ఇవ్వండి. పడవవాళ్లుగా బాగా మాట్లాడేవాళ్లను వేసుకోవాలనే ఆశ పుడుతుంది, వద్దు. చీటీలో వచ్చినవాళ్లే. భయపడే పిల్లవాడు పడవలో పడితే అతని పాఠం ముందురోజు ఒకసారి విడిగా చదివించండి.

ఒక సంగతి దాచకండి. ఓడ వదిలేశాక కుక్కలనూ, వడ్రంగి పిల్లినీ కాల్చి చంపారు. పిల్లలు బాధపడతారు, కోపం కూడా వస్తుంది. రాయనివ్వండి, ఏడాదిలో అన్నిటికంటే పొడుగు పేరాలు ఆ రోజే వస్తాయి. అలాగే మెక్‌నిష్ సంగతి. పడవ అంచులు ఎత్తు పెంచి, పైన కాన్వాసు కప్పు వేసి ఆ 800 మైళ్లకు తట్టుకునేలా చేసింది ఆయనే. మంచు మీద ఉన్నప్పుడు ఒకసారి ఆజ్ఞకు ఎదురుతిరిగాడు. ధ్రువ యాత్రికులకు ఇచ్చే పోలార్ మెడల్ ఆయనకు రాకుండా షాకల్టన్ చేశాడు. ‘ఇది న్యాయమేనా?’ అని డిబేట్ పెట్టండి. ‘మొబైల్ ఫోన్ వరమా శాపమా’ కంటే వెయ్యి రెట్లు నయం. ఇక్కడ గైడు చూసి జవాబు చెప్పడం కుదరదు.

డిసెంబర్, జనవరి నెలల్లో మన కథలు. ఇక్కడ పని వేరు, పేపర్లో వచ్చిన వాక్యాన్ని నమ్మాలా వద్దా అని చూడటం. మాలావత్ పూర్ణ నిజామాబాద్ జిల్లా పాకాల అమ్మాయి, గిరిజన కుటుంబం, సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువు. భువనగిరి గుట్ట మీద రాతి ఎక్కుడు, తర్వాత డార్జిలింగ్‌లో, లద్దాఖ్‌లో శిక్షణ. 2014 మే 25న మరో గురుకుల విద్యార్థి ఆనంద్ కుమార్‌తో కలిసి ఎవరెస్టు ఎక్కినప్పుడు వయసు 13 ఏళ్ల 11 నెలలు. నేపాల్ వైపు వయసు నిబంధన ఉండటంతో టిబెట్ వైపు నుంచి ఎక్కారు. చాలాచోట్ల ‘ప్రపంచంలోనే అతి పిన్న వయస్కురాలు’ అని రాస్తే, ఇంకొన్ని చోట్ల ‘యంగెస్ట్ పర్సన్’ అనేశారు. 2010 మే 22న జోర్డన్ రొమెరో అనే అమెరికా కుర్రాడు ఎక్కినప్పుడు అతనికి 13 ఏళ్ల 10 నెలలు. కాబట్టి పూర్ణ ‘యంగెస్ట్ గర్ల్’. ఒక్క నామవాచకం మారితే వాక్యం నిజం నుంచి అబద్ధంలోకి పోతుంది.

ఇంగ్లిష్ ఛానల్ ఈత కూడా ఇలాంటిదే. 1958 సెప్టెంబర్ 27న మిహిర్ సేన్ 14 గంటల 45 నిమిషాల్లో ఈదాడు, ఆ ఘనత సాధించిన మొదటి భారతీయుడు. ‘మొదటి ఆసియావాసి’ అని రాసినవాళ్లున్నారు. అదే ఏడాది ఆగస్టులో తూర్పు పాకిస్తాన్‌కు చెందిన బ్రజెన్ దాస్ ముందే ఈదేశాడు. ఆరతీ సాహా 1959 ఆగస్టులో ప్రయత్నించి ఆగిపోయి, నెల తిరిగేసరికి సెప్టెంబర్ 29న దాటింది, ఆసియా మహిళల్లో మొదటిది. ‘ట్రైడ్ టు’, ‘గేవ్ అప్’, ‘మేనేజ్డ్ టు’ మూడూ ఆమె ఒక్క కథలోనే దొరుకుతాయి. షాకల్టన్ ఇచ్చాడని చెప్పే ‘మనుషులు కావాలి, ప్రమాదకర ప్రయాణం’ ప్రకటన ఒకటి వాట్సాప్‌లో తిరుగుతూ ఉంటుంది. ఎంతమంది వెతికినా ఆనాటి పత్రికల్లో ఎక్కడా కనబడలేదు. దాన్ని క్లాసులో వాడొద్దు, లేదా ‘దేర్ ఈజ్ నో ప్రూఫ్ దట్’ నేర్పడానికి వాడండి. ‘ఒక్కరూ చనిపోలేదు’ అన్న మాట కూడా అంతే. ఎండ్యూరెన్స్‌లో వెళ్లిన 28 మంది విషయంలో నిజం. అదే యాత్రలో అవతలి తీరానికి, రాస్ సముద్రం వైపు వెళ్లిన జట్టులో ముగ్గురు పోయారు.

పటం మీద రెండో దారం కావాలంటే మన నౌకాదళపు తెరచాప పడవ ఐఎన్ఎస్‌వీ తారిణి ఉంది. ఆరుగురు నౌకాదళ మహిళా అధికారులు 2017 సెప్టెంబర్ 10న గోవాలో బయల్దేరి భూగోళం చుట్టి 2018 మే 21న తిరిగొచ్చారు. విశాఖ అమ్మాయి పి. స్వాతి, హైదరాబాద్ అమ్మాయి బొడ్డపాటి ఐశ్వర్య ఆ ఆరుగురిలో ఉన్నారు. సమయం ఉంటే చేయండి, లేకపోతే వదిలేయండి.

చివరి పది క్లాసులు రిపోర్టు కోసం. పిల్లలు తమ ఊళ్లో చాలా గంటలు పనిచేసే ఒక మనిషితో మాట్లాడి ఇంగ్లిష్‌లో రాయాలి. రాత్రి సర్వీసు ఆర్టీసీ డ్రైవర్, వేటకు వెళ్లే మత్స్యకారుడు, ఇటుక బట్టీలో పనిచేసే ఆవిడ. ఇంటర్వ్యూ తెలుగులోనే జరగాలి, ఇంగ్లిష్‌లో అడిగితే ఎవరూ ఏమీ చెప్పరు. పది ప్రశ్నలు, అందులో ఆరింటికి అంకె జవాబుగా రావాలి: ఎన్నింటికి లేస్తారు, ఎన్ని కిలోమీటర్లు, మధ్యలో ఎన్నిసార్లు ఆగుతారు. ముందుగా అనుమతి అడగాలి, అసలు పేరు రాయకూడదు. తెలుగు జవాబులను మాటకు మాట మార్చబోతే దారి తప్పుతారు. అందుకని మొదట జవాబులను ఎడమ పేజీ లాగ్‌లో ముక్కలుగా, ఇంగ్లిష్‌లో రాయించండి, తెలుగు కాగితం పక్కకు తీయించి, ఆ ముక్కల నుంచే 150 మాటల రిపోర్టు రాయించండి. తెలుగు కాగితం కళ్లెదుట ఉన్నంతసేపూ వాక్యం చివర క్రియ వచ్చి కూర్చుంటుంది.

కొలత సంగతి. జూలైలో, నవంబర్‌లో, ఫిబ్రవరిలో ఒకే వంద మాటల ముక్కను ఒక నిమిషం చదివించి, ఆగిన చోట పెన్సిల్ గీత పెట్టండి. తప్పు చదివిన మాటలు తీసేసి లెక్కించండి. అంకె నోట్‌బుక్ చివరి పేజీలో ఉండాలి, గోడ మీద కాదు. పందెం అనుకుని కొందరు గుక్క తిప్పుకోకుండా పరుగెత్తుతారు, అందుకే చదివిన వెంటనే రెండు ప్రశ్నలు అడగండి. జవాబు రాకపోతే ఆ అంకె లెక్కలోకి రాదు. ఫోన్‌లో రికార్డు చేస్తే పిల్లవాడికి వినిపించి తుడిచేయండి, ఏ గ్రూపులోనూ పెట్టకండి.

ఒక హెచ్చరిక. ఈ కథలు విన్న పిల్లలు తామూ ఏదో చేయాలనుకుంటారు. ఎండలో ఊరి చుట్టూ పరుగు, చెరువు అవతలికి ఈత పందెం. క్లాసులో ‘ఛాలెంజ్’ అన్న మాట ఎత్తొద్దు. పూర్ణ వెనక కోచ్, నెలల శిక్షణ, వైద్య పరీక్షలు ఉన్నాయి. ఛానల్ ఈతగాళ్ల పక్కన పడవ ఉంటుంది. ఈ వాక్యాలు కూడా పాఠంలోనే పెట్టండి.

ఇప్పుడు ప్రశ్నలు ఉంటే అడగండి.

ప్రశ్న: మా క్లాసులో ఎనిమిది మందికి అక్షరాలే సరిగ్గా రావండి. వాళ్లతో ఏం చేయించాలి?

వాళ్లను వేరే మూల కూర్చోబెట్టకండి, వాళ్లకూ చీటీలో ఒక మనిషి రావాలి. హర్లీ తీసిన ఫొటోలు చాలా ఉన్నాయి, మంచులో ఓడ, కుక్కలు, గుడారాలు. నాలుగైదు ప్రింటు తీయించి, కింద అతికించడానికి మూడేసి మాటల చీటీలివ్వండి: ‘ది షిప్ స్టాప్ట్’, ‘ది డాగ్స్ స్లెప్ట్’. ఏ చీటీ ఏ ఫొటోకో వాళ్లే జతపరచాలి, పక్కవాళ్లు చదివి వినిపించొచ్చు. నెల తర్వాత చీటీలో క్రియ తీసేసి ఖాళీ వదలండి. డైరీ వాళ్లు నోటితో చెబితే పక్కవాడు రాస్తాడు, దాన్ని వాళ్లు చూసి ఎక్కించుకుంటారు. ఎడమ పేజీలో తేదీ, దూరం మొదటి రోజు నుంచీ వాళ్లే రాయాలి.

ప్రశ్న: డెబ్బై మంది ఉన్నారండి, ఇన్ని నోట్‌బుక్కులు ఎప్పుడు దిద్దాలి?

అన్నీ దిద్దక్కర్లేదు. వారానికి 14 పుస్తకాలు, అయిదు వారాలకు ఒక చుట్టు. ఒక్కో పుస్తకంలో ఒకే రకం తప్పు దిద్దండి, ఆ నెల పాఠం ఏదైతే అది. ‘ఫర్’, ‘సిన్స్’ నెలలో స్పెల్లింగ్ తప్పులు కనిపించినా వదిలేయండి. మిగతా వాక్యాల మీద ఎర్ర సిరా పడకపోతే హెడ్మాస్టర్‌కో, తల్లిదండ్రులకో అనుమానం వస్తుంది. అందుకని అట్ట లోపలి వైపు ‘ఈ నెల దిద్దేది ఇదొక్కటే’ అని తేదీతో రాసి సంతకం పెట్టండి.